అందరూ తాగే టేబుల్ దగ్గర మందు ముట్టకుండా కూర్చోవడం ఎలా?

మందు మానడం ఒక పని. మానేశాక ఆఫీసు వాళ్లతో కలిసి వెళ్లి, వాళ్లు తాగుతుంటే పక్కనే కూర్చుని, ముట్టకుండా ఇంటికి రావడం ఇంకో పని. మొదటిదాని గురించి చెప్పేవాళ్లు బోలెడంతమంది. రెండోది ఎవరికి వాళ్లే తంటాలు పడి నేర్చుకుంటారు. నేనూ అలాగే నేర్చుకున్నాను, మధ్యలో రెండుసార్లు బోల్తా పడి మరీ. ఆ రెండుసార్లూ నాకు తాగాలని లేదు. కాదనలేకపోయాను, అంతే. మనలో చాలామందిని తాగించేది కోరిక కాదు, మొహమాటం. అప్పటికప్పుడు తేల్చుకోవాల్సిన చోటే మొహమాటం గెలుస్తుంది. ముందే తేల్చేసుకుని వెళ్తే దానికి పెద్దగా పని ఉండదు. ఇక్కడ చెప్పేది చాలావరకు ఆ ముందస్తు పని గురించే.

అంతకన్నా ముందు ఒక హెచ్చరిక. రోజూ తాగే అలవాటుండి, పొద్దున్నే చేతులు వణికి, ఒక గుక్క పడితే తప్ప కుదుటపడని స్థితిలో మీరుంటే ఇది మీకు మొదటి మెట్టు కాదు. ఉన్నట్టుండి మానేస్తే చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, గాభరా మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనపడే డెలీరియం ట్రెమెన్స్ దాకా వెళ్లొచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటివాళ్లు ముందు డాక్టర్ని కలిసి, మందులతోనే మానాలి (ఈసారి నిజం మందులతో). ఆ గండం దాటాక ఇటు రండి.

వెళ్లాలో వద్దో ముందు రోజే తేల్చుకోండి

మానిన తొలి నెల, నెలన్నర అయితే సూటిగా చెప్తాను: వెళ్లకండి. దానికి పెద్ద కారణం అక్కర్లేదు. "ఇవాళ కుదరదు, మీరు కానివ్వండి" చాలు. నిగ్రహం ఎంతుందో చూసుకుందామని బార్‌కి వెళ్లడం, ఈత రాకముందే లోతు చూద్దామని బావిలో దిగడం లాంటిది.

ఆ తర్వాత కూడా ప్రతి పిలుపుకీ వెళ్లాలని లేదు. ఎవరో ఉద్యోగం మారి వెళ్లిపోతున్నారు, టీమ్ చేసిన పని ఒక కొలిక్కి వచ్చింది, కొత్త మేనేజర్ చేరాడు, ఇలాంటివాటికి వెళ్లండి. వారం వారం ఊరికే పెట్టుకునే సిట్టింగ్‌లో మాత్రం, ఉన్నమాట చెప్పాలంటే, తాగని మనిషికి పనేమీ ఉండదు.

వెళ్తున్నట్టయితే ఎన్నింటికి వెళ్తారో, ఎన్నింటికి లేస్తారో, ఎలా తిరిగొస్తారో ఖాయం చేసుకోండి. ఆ చివరిదే ముఖ్యం. వేరేవాళ్ల బండెక్కి వెళ్తే వాళ్లు లేచేదాకా మీరు బందీ. అందరినీ ఇళ్ల దగ్గర దింపే బాధ్యత తీసుకోమని చాలామంది సలహా ఇస్తారు. తాగకపోవడానికి అంతకన్నా ఎదురులేని కారణం లేదు, నిజమే. కాకపోతే ఒక్కసారి ఒప్పుకుంటే ఆ ఉద్యోగం మీకు పర్మనెంట్ అయిపోతుంది. చివరి మనిషి చివరి గుక్క తాగేదాకా తాళాలు తిప్పుకుంటూ కూర్చోవాలి. నేను ఆ పాత్ర రెండుసార్లు వేసి వదిలేశాను.

ఏదో ఒకటి తిని వెళ్లండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగూ మనిషిని మళ్లీ గ్లాసు వైపు నెడతాయని మానినవాళ్ల బృందాల్లో ఎప్పటినుంచో ఒక మాట ఉంది. ఆఫీసు అయ్యాక సాయంత్రం అంటే వీటిలో కనీసం రెండు మనతోనే వస్తాయి. చిటికెలో తీరేది ఆకలి ఒక్కటే, దాన్నైనా తీర్చేయండి.

ఏం చెప్పాలో ఒక్క మాట ఎంచుకోండి

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. "నీకేం చెప్పమంటావ్?" అని మెనూ చూస్తూ ఎవరో అడుగుతారు. మీ జవాబు రెండు సెకన్లలో రావాలి. ఆ రెండు సెకన్లు మూడైతే, నసిగితే, టేబుల్ మొత్తం మీ వైపు తిరుగుతుంది.

"ఇవాళ వద్దు" అన్నారనుకోండి. మరి ఎప్పుడు అనే ప్రశ్న దాని వెనకాలే ఉంటుంది. పైగా వచ్చేసారి మళ్లీ మొదటినుంచీ చెప్పుకోవాలి.

"టాబ్లెట్లు వాడుతున్నా" అన్నారనుకోండి. ఆ క్షణం నుంచి టేబుల్ దగ్గర అందరూ డాక్టర్లే. ఏ టాబ్లెట్? ఎన్ని రోజుల కోర్సు? "దానికేం కాదులే, నేనూ వాడానుగా." నేను ఒకసారి లేని పంటి నొప్పి పేరు చెప్పి తప్పించుకున్నాను. మర్నాడు పక్క సీటు అమ్మాయి తనకు తెలిసిన డెంటిస్ట్ నంబరు తెచ్చి చేతిలో పెట్టింది, వారం రోజులు వదలకుండా వాకబు చేసింది. అబద్ధం మీద ఇంకో మూడు అబద్ధాలు వేసి మూసేశాను. అంత శ్రమకు ఓర్చేవాళ్లు నిజమే చెప్పేయొచ్చు.

"మానేశాను" అనేది నిజం, మంచి మాట కూడా. కాకపోతే దానికి కథ వేలాడుతూ ఉంటుంది. ఎందుకు, ఎప్పటినుంచి, ఏమైంది? ఆ కథ చెప్పే ఓపిక, చెప్పదగ్గ మనిషి రెండూ ఉంటేనే ఆ మాట వాడండి.

నేను చివరికి పట్టుకున్నది "తాగను". మూడక్షరాలు. తెలుగులో ఈ మాటకున్న సుఖం ఏమిటంటే, అలవాటుగా తాగననీ ఇకమీదట తాగననీ రెండర్థాలూ అందులోనే ఉంటాయి. పట్టుకుని లాగడానికి ఎదుటివాడికి కొస దొరకదు. "తాగకూడదు" అంటే ఎవరో మీకు అడ్డుపడుతున్నట్టు, ఆ అడ్డు తొలగిస్తే తాగేసేట్టు వినిపిస్తుంది. 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఇలాంటి తేడానే చూశారు. "తినకూడదు" అని తమకు తాము చెప్పుకున్నవాళ్లకన్నా "తినను" అని చెప్పుకున్నవాళ్లు ఎదురుగా ఉన్న చాక్లెట్‌ని ఎక్కువగా కాదనగలిగారు.

మాట చెప్పి ఆగిపోకండి, వెంటనే ఏం కావాలో చెప్పండి. "నేను తాగను, ఒక సోడా, నిమ్మకాయ పిండి ఇమ్మనండి." అడిగినవాడికి కావాల్సింది ఒక ఆర్డరు. అది దొరికాక అతను పక్క మనిషి వైపు తిరుగుతాడు.

"అదేంటి, పోయిన నెల తాగావుగా?" అనే చిక్కు ఒకటుంది. అవును, తాగాను, ఇప్పుడు తాగట్లేదు. ఒప్పేసుకోండి. ఒప్పుకున్నాక ఎవరికీ నిరూపించడానికేమీ మిగలదు. ఈ మాటలన్నీ ఇంట్లో ఒకసారి పైకి అని చూసుకోండి, నవ్వొచ్చినా సరే. నోరు తిరగని మాట మొహమాటంలో అసలు రాదు.

ఆడవాళ్లకు దీనికి తోడు ఇంకో తలనొప్పి. అంతకుముందు తాగిన అమ్మాయి ఇవాళ వద్దంటే చాలు, "ఏంటి, ఏమైనా విశేషమా?" అంటూ కళ్లు ఎగరేస్తారు. దానికి జవాబు బాకీ లేరు. కొందరు ముందే గ్లాసు పట్టుకుని కనపడటంతో ఆ ప్రశ్న రాకుండానే చేసుకుంటారు. గ్లాసు సంగతికి ఇప్పుడే వస్తాను.

ఒక్కరికి ముందే చెప్పి పెట్టుకోండి

1950ల్లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక చిన్న ప్రయోగం చేశాడు. కాగితం మీద గీతల్లో ఏది ఏదానితో సమానమో చెప్పాలి, అంతే. గదిలో ఉన్నవాళ్లందరూ ముందే మాట్లాడుకుని తప్పు చెప్తారు, ఒక్కడికి మాత్రం ఆ సంగతి తెలియదు. కళ్లకు స్పష్టంగా కనిపిస్తున్నా, అలా ఇరుక్కున్నవాళ్లలో నలుగురికి ముగ్గురు ఒక్కసారైనా గుంపుతో పాటు తప్పే చెప్పారు. ఆ గుంపులో ఇంకొక్కడు నిజం చెప్పేట్టు ఏర్పాటు చేసి మళ్లీ చూస్తే, లొంగిపోవడం అంతకుముందున్నదాంట్లో నాలుగో వంతుకు పడిపోయింది.

మీకు కావాల్సింది ఆ ఇంకొక్కడు. అతను తాగనివాడే కానక్కర్లేదు. "నేను మానేశాను, ఎవరైనా బలవంతం చేస్తే కాస్త మాట మార్చు" అని నమ్మకమైన ఒక్కరికి పగలే, ఆఫీసులోనే చెప్పండి. నా విషయంలో ఆ పని చేసింది టీమ్‌లో అందరికన్నా ఎక్కువ తాగే మనిషి. "వాడిని వదిలెయ్యండ్రా, వాడి వాటా కూడా నేనే తాగుతా" అన్నాడొకసారి. ఆ మాటతో ఏడాదికి సరిపడా రక్షణ దొరికింది నాకు.

చెయ్యి ఖాళీగా ఉంచకండి

జనం మీ గ్లాసులో ఏముందో చూడరు. ఖాళీ చెయ్యిని చూస్తారు. అందుకని కాస్త ముందే చేరుకోండి, మీ ఆర్డరు మీరే, వీలైతే కౌంటర్ దగ్గరికే వెళ్లి చెప్పండి. ఐసు వేసిన పొట్టి గ్లాసులో సోడా, అంచున నిమ్మ చెక్క. చూడ్డానికి అది ఏదైనా కావొచ్చు. మీది ఫలానా అని దాచమనడం లేదు, అడిగితే చెప్పండి. అడిగే అవసరం తగ్గించమంటున్నాను. సగానికి రాగానే ఇంకోటి తెప్పించుకోండి. ఖాళీ గ్లాసు ఎదురుగా ఉంటే "దీనికి కూడా ఒకటి" అనే మనిషి ఎప్పుడూ ఒకడుంటాడు.

కింద పెట్టి పక్కకు వెళ్లిన గ్లాసును మళ్లీ ఎత్తకండి. ఒకసారి ఫోను వచ్చి బయటికెళ్లి, తిరిగొచ్చి నా గ్లాసు అనుకుని ఎత్తాను. అదే పొట్టి గ్లాసు, అదే ఐసు, అదే నిమ్మ చెక్క, బుడగలు కూడా అలాగే పైకి తేలుతున్నాయి. పెదవికి అంగుళం దూరంలో ముక్కుకు జిన్ వాసన తగిలింది. పక్కవాళ్లు ఎవరో ఖాళీ చోటు కోసం గ్లాసులు జరిపారు. ఎవరి తప్పూ కాదు. అప్పటినుంచీ ఏ గ్లాసైనా ముందు వాసన చూస్తాను, కొత్తది తెచ్చిచ్చినా సరే.

చీర్స్ అన్నప్పుడు సోడా గ్లాసే ఎత్తండి, తగిలించండి, నవ్వండి. అక్కడ దానికి మించి జరిగేదేమీ లేదు.

పేరుకు మందు కానివాటిలోనూ మందు ఉంటుంది, అది కొంచెం చూసుకోవాలి. సోడాలో రుచి కోసం వేసే బిట్టర్స్‌లో చాలావాటికి ఆల్కహాల్ 40 శాతం పైమాటే. పడేది చుక్కలే, కానీ పూర్తిగా వద్దనుకునేవాళ్లు ముందే చెప్పాలి. నాన్ ఆల్కహాలిక్ అని రాసిన బీరులో చాలాచోట్ల 0.5 శాతం దాకా ఉండొచ్చు, 0.0 అని రాసిన సీసా వేరు. అయినా నా మటుకు నేను రెండూ ముట్టను. ఆ చేదు, ఆ నురగ నాలుకకు పాతవన్నీ గుర్తు చేస్తాయి. కొందరికి అదే పెద్ద ఊరట, కాదనను. వంటలో పోసిన మందు మంటకు ఎగిరిపోతుందనేది కూడా సగం నిజమే. పావుగంట ఉడికినదాంట్లో దాదాపు 40 శాతం మిగులుతుందని అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలు చెప్తాయి. మద్యం మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ అనే టాబ్లెట్ వాడుతున్నవాళ్లకు ఇవన్నీ చాదస్తం కాదు. ఆ టాబ్లెట్ ఆపేశాక కూడా రెండు వారాల దాకా, కొద్దిపాటి ఆల్కహాల్‌కే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులయ్యే ప్రమాదం ఉంది. "ఒక్క సిప్‌కే ఏం కాదు" అనే మాట వాళ్ల దగ్గర అబద్ధం.

బలవంతం చేసేవాళ్లు ఒకే రకం కాదు

ఎక్కువమంది ఒకసారి అడిగి వదిలేస్తారు. వాళ్లది మర్యాద. మీరు దాన్ని బలవంతం అనుకుని గట్టిగా మాట్లాడితే లేని గొడవ మీరే తెచ్చినవారవుతారు.

రెండో రకం ప్రేమతో చంపేవాళ్లు. "నా కోసం", "ఒక్క పెగ్గు", "కంపెనీ ఇవ్వు చాలు". వీళ్లకు కారణాలు చెప్పకండి. కారణం చెప్పిన ప్రతిసారీ బేరం మొదలవుతుంది. "నీ కోసమే వచ్చానుగా, ఇదిగో కంపెనీ" అని గ్లాసు చూపించి, అతని పిల్లల గురించో కొత్త ఇంటి గురించో అడగండి. రెండోసారి అడిగినా అదే మాట, అదే స్వరం. మూడోసారికి అడిగేవాడికే విసుగొస్తుంది. మాట మారిస్తేనే అతనికి ఆశ పుడుతుంది.

కొందరికి మీరు తాగకపోవడం తమ మీద తీర్పులా తగులుతుంది. "ఏం, మేమంతా చెడిపోయినవాళ్లమా?" అని వేళాకోళంగానే అంటారు, లోపల కాస్త నిజంగానే ఉంటుంది. గుండెకు కొంచెం మంచిదేనట కదా అని వాదన కూడా తెస్తారు. మీకు జవాబు తెలుసు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. ఆరోగ్యానికి సురక్షితం అనదగ్గ మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. అవి మీ దగ్గరే ఉంచుకోండి. తాగేవాడి ఎదురుగా క్యాన్సర్ ఊసెత్తితే వచ్చేసారి మిమ్మల్ని పిలవరు, పిలవకపోవడం వాళ్ల తప్పు కూడా కాదు. "నాకు పడట్లేదు బాస్, నువ్వు కానివ్వు" అనేయండి.

పైవాళ్ల సంగతి వేరు. మేనేజర్ స్వయంగా పోస్తుంటే అందరి ముందూ వద్దనడం ఆయనకూ ఇబ్బందే. అందుకే ఆ పని టేబుల్ దాకా రానివ్వకూడదు. ముందు రోజు పని మాట్లాడుతూ మధ్యలో, "సార్, నేను తాగను, కానీ రేపు తప్పకుండా వస్తాను" అని ఒక ముక్క వేసేయండి. ఏకాంతంలో విన్నప్పుడు ఎక్కువమంది "అయ్యో, దానిదేముంది" అంటారు. అన్నాక అందరి ముందూ దాన్ని కాపాడే పూచీ కూడా ఆయన మీదే పడుతుంది.

ఇంకో మాట. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లందరూ మనస్ఫూర్తిగా తాగుతున్నారని అనుకోకండి. 1993లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ విద్యార్థులను అడిగి చూస్తే, క్యాంపస్‌లో తాగుడు తమకు నచ్చినదానికన్నా మిగతావాళ్లకు ఎక్కువ నచ్చుతోందని చాలామంది అనుకుంటున్నట్టు తేలింది. ఆఫీసులోనూ అంతే. నేను సోడా పట్టుకున్న మూడో నాలుగో పార్టీలో ఒకాయన పక్కకు పిలిచి, "అదేంటో నాకూ చెప్పు, నేనూ అదే తెప్పించుకుంటా" అన్నాడు.

రెండో గంట

మొదటి గంట గడిచిపోతుంది. తిండి, పలకరింపులు, నవ్వులు. కష్టమంతా రెండో గంటలో. మన కాలేయం సుమారుగా గంటకు ఒక డ్రింక్ చొప్పునే వదిలించగలదు, టేబుల్ మీద రౌండ్లు అంతకన్నా వేగంగా తిరుగుతాయి. అంటే వాళ్లు పైకి వెళ్తూ ఉంటారు, మీరు ఉన్నచోటే ఉంటారు. జోకులు మీకు అందవు. గొంతులు పెరుగుతాయి. అప్పుడే, మొహమాటం అంతా దాటాక, అసలు కోరిక వచ్చి పక్కన కూర్చుంటుంది.

అది వచ్చినప్పుడు పోట్లాడకండి. తాగాలనే తహతహ అలలా లేచి, పతాక స్థాయికి చేరి, విరిగిపోతుంది. చాలావరకు అరగంట లోపే. అలన్ మార్లాట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాన్ని అలలాగే చూడమన్నాడు, అణచకుండా, లొంగకుండా, అది తగ్గేదాకా పైన తేలుతూ ఉండటం. చెప్పినంత తేలిక కాదు కాబట్టి కాళ్లకు పని చెప్పండి. గొంతు పొడారినట్టు అనిపించగానే లేచి బయటికి వెళ్లడం, మొహం కడుక్కోవడం, ఇంటికి ఫోను చెయ్యడం. "ఇలా అనిపిస్తే ఇది చేస్తా" అని ముందే జత కట్టి పెట్టుకోండి, అప్పుడు ఆలోచించే పని ఉండదు. అరగంటయినా తగ్గకపోతే మీ సాయంత్రం అయిపోయింది, లేవండి.

లేవడానికి నాకో లెక్క ఉంది. ఒకే మనిషి ఒకే కథ రెండోసారి మొదలుపెట్టగానే నేను కుర్చీ వెనక్కి జరుపుతాను. పనికొచ్చే మాటలన్నీ అప్పటికే అయిపోయుంటాయి, పదోన్నతుల గుసగుసలతో సహా. అందరికీ పేరుపేరునా వీడ్కోలు చెప్పకండి, ప్రతి ఒక్కరూ "అప్పుడే ఏంటి, కూర్చో" అంటారు. పిలిచినవారికి ఒక్కరికి చెప్పి, కదలండి.

బిల్లు సంగతి ముందే తేల్చుకోవాలి, చివర్లో లెక్కలేస్తే పిసినారి పేరొస్తుంది. మొదట్లోనే మీది వేరుగా రాయించండి. టీమ్‌లో సమానంగా పంచుకునే అలవాటుంటే ఏడాదికి రెండు మూడుసార్లయితే ఇచ్చేయడమే మేలని నా అభిప్రాయం. నెలకు నాలుగుసార్లయితే మాత్రం నోరు విప్పండి.

ఒకవేళ తాగేస్తే

జరగొచ్చు. నాకు జరిగింది. అసలు ప్రమాదం ఆ మొదటి గ్లాసు తర్వాత వచ్చే ఆలోచనలో ఉంది. "ఎలాగూ వ్రతం చెడింది, ఇక సుఖమన్నా దక్కనీ." జారడం వేరు, పడి దొర్లడం వేరు. సగం గ్లాసు దగ్గర గుర్తొస్తే సగం దగ్గరే కింద పెట్టొచ్చు, దానికి ఏ నియమమూ అడ్డు రాదు. అక్కడినుంచి ఇంటికి వెళ్లండి. మర్నాడు తిట్టుకోకుండా ఒక్క ప్రశ్న వేసుకోండి, ఎక్కడ తప్పింది? ఆకలితో వెళ్లానా, చెయ్యి ఖాళీగా ఉందా, మాట నసిగానా, లేవాల్సిన టైము దాటిందా? జవాబు సాధారణంగా వీటిలోనే ఉంటుంది. మళ్లీ మళ్లీ జరుగుతుంటే ఇది మొహమాటం కాదు. డాక్టర్నో కౌన్సెలర్నో కలవండి. కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు చాలా ఏళ్లుగా వాడకంలో ఉన్నాయి. 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ లాంటి బృందాల్లో ఇదే బాధ పడినవాళ్లు ఎదురుగా కూర్చుని వింటారు.

మర్నాడు ఆఫీసులో

పొద్దున్న కాఫీ దగ్గర కళ్లు ఎర్రగా ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మెల్లగా అడుగుతారు. "రాత్రి నేనేమన్నా ఎక్కువ మాట్లాడానా?" మొత్తం గుర్తున్నది మీ ఒక్కరికే. ఎవరు మేనేజర్ని ఏమని అనుకరించారో, ఎవరు పాత ప్రేమ తలుచుకుని ఏడ్చారో, ఎవరి ఫోను ఎవరి జేబులోకి వెళ్లిందో అన్నీ తెలుసు. ఫోను సంగతి మాత్రం చెప్పండి. మిగతాదానికి "ఏమీ లేదు, బాగానే గడిచింది" అనండి. తాగని మనిషిని టేబుల్ దగ్గర చూసి జనం భయపడేది ఈ ఒక్క విషయానికే. అది మీ నోటి నుంచి బయటికి రాదని రెండుసార్లు తెలిశాక, మూడోసారి మీ సోడా వాళ్లే చెప్పి ఉంచుతారు.